పసుపు వెలుగులో ఓదేలు కన్ను

నేను ఒక పోలారిమీటర్ని. నోరు తిరగకపోతే నా తప్పు కాదు, పేరు పెట్టినవాళ్ళను అడగండి. మూరెడు ఇనుప గొట్టం, ఒక చివర దీపం, రెండో చివర కన్ను పెట్టుకునే అద్దం, పక్కన అంకెలు చెక్కిన చక్రం. ఇంతకు మించి నాలో ఏమీ లేదు. ప్రస్తుతం బాలానగర్‌లో ఒక పాత సామాన్ల కొట్టులో, మూతలు పోయిన కుక్కర్లకూ రెక్కలు విరిగిన ఫ్యాన్లకూ మధ్య పడి ఉన్నాను. కొట్టతను మధ్యాహ్నం పూట నా మీద కాళ్ళు చాపుకుని బీడీ కాలుస్తాడు. అయ్యో పాపం అనకండి, జాలి కోసం చెప్పడం లేదు. ఒక పెద్దమనిషిని కుర్చీలోంచి కిందికి దింపి వచ్చినవాణ్ణి నేను. అదెలా జరిగిందో చెప్పాలని ఉంది, అంతే.

పుట్టింది అంబాలాలో, గాజు సానబట్టే ఒక ముసలాయన చేతిలో. రెండు స్ఫటికాలు కోసి, నునుపు చేసి, జిగురుతో అతికించి నా కడుపులో పెట్టాడు. పెట్టాక ఒక్కసారి కన్నానించి చూసి తల ఊపాడు. ఆ తల ఊపుడే నాకు దక్కిన దీవెన. అక్కణ్ణుంచి ఒక జిల్లా డిగ్రీ కాలేజీకి వచ్చాను. అక్కడ పిల్లలు నాలోకి చూడకుండానే నిరుటి రికార్డులు చూసి అంకెలు రాసుకునేవారు, మాస్టార్లు ఆ రికార్డులకు మార్కులు వేసేవారు. రెండేళ్ళకే లెక్చరరుకీ ప్రిన్సిపాలుకీ పడక, గది ఖాళీ చేయించి నన్ను బయటపడేశారు. కాబట్టి నేనూ చదువు మధ్యలో మానేసినవాణ్ణే. తరవాత చక్కెర మిల్లులో చెరుకురసం తీపి కొలిచాను. మిల్లు మూతపడ్డాక జీడిమెట్లలో మందులు తయారుచేసే ఒక ఫ్యాక్టరీకి చేరాను. కంపెనీ పేరు చెప్పను, చెప్పినా మీకు తెలియదు.

నా పని ఏమిటో చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. మందుల్లో కొన్ని కవలలుగా పుడతాయి. అదే సరుకు, అదే బరువు, కరిగే వేడి కూడా అదే. తేడా అల్లా మన కుడిచేతికీ అద్దంలో కనబడే చేతికీ ఉన్నంత. కుడిచేతి తొడుగు ఎడమచేతికి పట్టదు చూడండి, అలాగే ఈ కవలల్లో ఒకటి ఒంటికి పడుతుంది, రెండోది పట్టదు. ఒక్కోసారి హాని కూడా చేస్తుంది. తాసులో పెట్టినా, నిప్పు మీద పెట్టినా ఎవరు ఎవరో తెలియదు. నాలో పెడితే తెలుస్తుంది. దీపం వెలుతురు అన్ని వైపులకూ ఊగుతూ వస్తుంది. నా మొదటి స్ఫటికం దాన్ని తలుపు సందులోంచి దూర్చినట్టు ఒక్క వైపే ఊగేలా చేస్తుంది. ఆ వెలుతురు, గాజు గొట్టంలో నింపి నాలో పెట్టిన మందునీళ్ళలోంచి పోయేటప్పుడు కొంచెం మెలి తిరుగుతుంది. కవలల్లో ఒకటి కుడికి ఎంత తిప్పితే, రెండోది ఎడమకు సరిగ్గా అంతే తిప్పుతుంది. రెండూ కలగలిసిపోతే ఒకదాని మెలికను ఇంకొకటి తినేస్తుంది. ఎంత తినేసిందో నా చక్రం మీది అంకె చెబుతుంది.

అయితే అంకె దానంతట అది రాదు, కన్ను కావాలి. నాలోకి చూస్తే పసుపురంగు గుండ్రటి బిళ్ళ కనబడుతుంది. నడిమిన గీత, గీతకు అటొక సగం, ఇటొక సగం. ఒకటి వెలుగు, ఒకటి చీకటి. చక్రం తిప్పుతూ పోతే రెండు సగాలూ సమానమయ్యే చోటు వస్తుంది. కిటుకంతా ఇక్కడే ఉంది. అలాంటి చోట్లు రెండు రకాలు. ఒక చోట రెండు సగాలూ ధగధగలాడుతూ సమానంగా ఉంటాయి, చక్రాన్ని అటూ ఇటూ తిప్పినా పెద్దగా మారవు. ఇంకోచోట రెండూ మసగ్గా ఉంటాయి, వెంట్రుకవాసి కదిపినా ఒకటి తెల్లబడి ఒకటి నల్లబడుతుంది. ఆ మసకచోటే నిజం. కొత్తగా కన్ను పెట్టినవాళ్ళలో నూటికి తొంభైమంది వెలుగుచోట ఆగి, దొరికిందని సంబరపడతారు. మనుషులకు వెలుగంటే అంత నమ్మకం.

ల్యాబు మేనేజరు పట్టాభి సారు కూడా అక్కడే ఆగాడు. గుంటూరు వైపు మనిషి, ఎమ్మెస్సీ, జేబులో రెండు పెన్నులు. నన్ను బల్ల మీద పెట్టిన రోజు ఠీవిగా వచ్చి కన్నానించి, వెలుగుచోట ఆపి, అంకె చదివాడు. రావలసినదానికీ దానికీ పొంతనే లేదు. మళ్ళీ తిప్పాడు, మళ్ళీ అక్కడే ఆగాడు.

"ఈ డబ్బా పనికిరాదు," అన్నాడు.

గాజుసామాను కడిగే అటెండరు ఓదేలు పక్కనే తుడుపుగుడ్డతో నిలబడి ఉన్నాడు. పెద్దపల్లి వైపు నుంచి వచ్చినవాడు, ఎనిమిదో తరగతిలో బడి మానేసినవాడు. "సార్, నేనొక్కపారి జూడొచ్చా?" అని అడిగాడు.

"చూడు చూడు. నీకు రంభ కనబడుతుందేమో," అన్నాడు పట్టాభి.

ఓదేలు చేతులు తుడుచుకుని వంగాడు. వెలుగుచోటు దాటి పోయాడు. మసకలో ఆగాడు. ఒక ముక్క అటు, ఒక ముక్క ఇటు, మళ్ళీ నడిమికి. అంబాలా ముసలాయన తరవాత నన్ను నన్నుగా చూసిన మొదటి కన్ను అది. "ఒకటీ పాయింట్ మూడు సార్," అన్నాడు. సరిగ్గా అంతే రావాలి.

ఎలా చూశావురా అని ఆ రోజు ఒక్క మాట అడిగి ఉంటే పట్టాభికి రెండు నిమిషాల్లో పట్టుబడేది. అడగలేదు. ఎనిమిదో తరగతివాణ్ణి అడిగితే ఎమ్మెస్సీ చిన్నదైపోతుందనుకున్నాడు. ఆ మర్నాటి నుంచి ఏర్పాటు కుదిరిపోయింది. ఓదేలు చూసి అంకె చెబుతాడు, పట్టాభి రాసుకుని సంతకం పెడతాడు. డిగ్రీ లేనివాడు రీడింగు తీయకూడదని గోడ మీద అట్ట ఉండేది. ఆ అట్ట కిందనే పదకొండేళ్ళు ఓదేలు వంగి చూశాడు.

మేం చేసేది ఒక క్షయ మందు. కవలల్లో ఒకటి రోగాన్ని చంపుతుంది, రెండోది చూపు చెడగొడుతుందని ల్యాబులో చెప్పుకునేవారు. ఈ మాట ఓదేలు మనసులో గట్టిగా నాటుకుంది. కొత్తగా చేరిన రుక్సానా అనే అమ్మాయి, డిగ్రీ ఉన్న అనలిస్టు, ఒకసారి అడిగింది.

"ఓదేలన్నా, అదే గొట్టం మూడుసార్లు కడుగుతవేంది? ఒక్కసారి చాలదా?"

"లోపల గాలి బుడగ ఉంటే అంకె తప్పుతది బిడ్డా."

"తప్పితే సార్ సంతకం పెడతడు గద. నీకేం బాధ?"

"సంతకం ఆయనది. కన్ను నాది," అన్నాడు ఓదేలు.

నాకు చెవులు లేవు గానీ ఆ మాట మాత్రం ఇనుములోకి దిగింది.

పదకొండో ఏట ఒక బ్యాచి వచ్చింది. మందు తయారీలో కవలల్ని విడదీయడానికి చింతపండులో ఉండే పులుపు ఆమ్లాన్ని వాడేవారు. అది తనకు సరిపోయిన కవలను పట్టుకుని అడుగున గింజలు గింజలుగా కడుతుంది. నిదానంగా, ఒక రోజంతా చల్లారనివ్వాలి. ఆ సారి లారీ వాకిట్లో ఉంది, నెలాఖరు వచ్చింది, ఐసు పోసి గంటలో చల్లార్చేశారు. తొందరలో గింజలతోపాటు రెండోదీ అడుగుకు దిగింది.

ఓదేలు చూశాడు. ఒకటీ పాయింట్ సున్నా ఐదు. గొట్టం ఖాళీచేసి, కడిగి, నింపి మళ్ళీ చూశాడు. అదే. మూడోసారీ అదే.

"సార్, గిది తక్కువొస్తున్నది."

"బుడగ ఉంటుంది."

"లేదు సార్. మూడుసార్లు నింపిన."

"నీ కళ్ళకు పొరలొచ్చాయేమో."

"సార్, కండ్లు పోయే మందు గిది. పంపకుండ్రి."

పట్టాభి పెన్ను మూత తీసి ఒకటీ పాయింట్ మూడు సున్నా అని రాశాడు. ముత్యాల్లాంటి అక్షరాలు. లారీ కదిలింది.

రోగులదాకా పోలేదు, ఆ మాట ముందే చెప్పాలి. మాత్రలు చేసే కంపెనీవాళ్ళు విశాఖలో తమ ల్యాబులో పరీక్షించుకున్నారు. వాళ్ళ దగ్గర కాలమ్ అనే కొత్తరకం సన్నటి పరికరం ఉంది. జానెడు ఉక్కు గొట్టం, లోపలంతా ఒకే చేతివాటం ఉన్న పదార్థం పూత. మందును దాంట్లోకి తోస్తే కవలల్లో ఒకటి ఆ పూతకు అతుక్కుంటూ అతుక్కుంటూ ఆలస్యంగా వస్తుంది, రెండోది ముందే జారిపోతుంది. తెర మీద రెండు గుట్టలు లేస్తాయి. రెండో గుట్ట ఉండకూడనంత ఎత్తు లేచింది. సరుకంతా వెనక్కి వచ్చింది.

విచారణ జరిగింది. పట్టాభి రెండు పేజీల రిపోర్టు రాశాడు. అటెండరు ఓదేలు తనకు తెలియకుండా, అధికారం లేకుండా రీడింగు తీశాడట. చూడ్డం రాక తప్పు అంకె చెప్పాడట. సిబ్బంది మీద నమ్మకంతో తాను రాసుకున్నాడట. పైగా మిషను కూడా పాతబడి గతి తప్పిందట. ఒకే దెబ్బకు ఇద్దరం. నాకు ఎర్ర చీటీ అతికించి కెమికల్ స్టోరులో పై అరకి ఎక్కించారు. ఓదేలును ల్యాబు నుంచి తీసేసి, వెనకాల పీపాలు కడిగే షెడ్డుకు తోశారు. క్యాంటీను బోర్డు మీద నోటీసు పెట్టారు, పేరుతో సహా. అన్నం దగ్గర కూర్చుంటే పక్కవాళ్ళు "ఏం కండ్ల డాక్టరూ, పప్పుల ఎన్ని మెతుకులున్నయో జూసి చెప్పు" అనేవారు. ఓదేలు తల వంచుకుని తిని లేచేవాడు. కొన్నాళ్ళకు క్యాంటీనుకు రావడం మానేసి, షెడ్డులోనే డబ్బా విప్పుకునేవాడు.

ఐదేళ్ళు. ఆ ఐదేళ్ళూ పై అర మీద నేను చేసిన పని ఒకటే, పగ నెమరువేయడం. మిషనుకు పగేమిటంటారా? నన్ను విరగ్గొట్టి ఉంటే ఉండేది కాదు. అబద్ధాలకోరునని చీటీ అతికించారు, అందుకే ఉంది. పోనీ తీర్చుకుందామంటే నాకు కాళ్ళూ చేతులూ లేవు, అబద్ధం చెప్పడమూ రాదు. నాకు వచ్చిందల్లా నిజం చెప్పడం. అదీ ఎవరన్నా వంగి అడిగితేనే. ఈ బతుకుతో పగ తీర్చుకోవాలంటే ఎంత ఓపిక పట్టాలో ఊహించుకోండి.

ఓదేలు రబ్బరు తొడుగుల కోసం నెలకోసారి స్టోరుకు వచ్చేవాడు. ఒకసారి రుక్సానా కూడా అక్కడే ఉంది.

"ఓదేలన్నా, ఎండీ సార్ దగ్గరికి పోయి ఉన్నది ఉన్నట్టు చెప్పరాదు? నేను గూడ చెప్త. నువ్వు సున్నా ఐదు అనుడు నేను విన్న."

"చెప్తే ఏమైతది?" అన్నాడు ఓదేలు. "నేనే జూసిన అని నేనే ఒప్పుకున్నట్టయితది. ఆయన రాసింది గదే గద. ఒకటీ సున్నా ఐదు అన్ననని రుజువేది? కాయిదం మీద ఒకటీ మూడే ఉన్నది. నీ కొలువు గూడ పోతది."

"మరి గిట్లనే ఉంటవా?"

ఓదేలు పై అర వైపు చూశాడు. "నాకు ఒక్కటే కావాలె. ఆయన గా గొట్టంల కన్ను పెట్టాలె. పదిమంది ముంగట. గది జూసినంక నన్ను తీసేసినా మంచిదే."

అన్నా, నాకూ అదే కావాలి అని చెప్పే నోరు ఆ రోజు లేకపోయింది.

మేం కోరుకున్న రోజు వచ్చింది, ఒక మంగళవారం పొద్దున. విశాఖ కంపెనీవాళ్ళు మళ్ళీ మా సరుకు తీసుకోవడానికి ఒప్పుకున్నారు, ముందు ఒక బ్యాచి తమ కళ్ళ ముందు పరీక్షించి చూపించాలన్నారు. హైమావతి అనే ఆవిడను పంపారు. యాభై దాటిన మనిషి, కళ్ళజోడుకు దారం, చేతిలో గీతల నోటుపుస్తకం. మా వాళ్ళు కూడా అప్పటికి విశాఖ వాళ్ళ లాంటి కాలమ్ కొనుక్కున్నారు. ఆవిడ టీ తాగుతుండగా పట్టాభి పక్క గదిలో కంగారు పడుతున్నాడు. కాలమ్‌లో ఒత్తిడి పెరిగింది, గుట్టలు వంకరగా వస్తున్నాయి.

"ఎసిటోన్‌తో కడిగెయ్," అన్నాడు.

"డబ్బా మీద ఎసిటోన్ వద్దని రాసుంది సార్," అంది రుక్సానా.

"పాతికేళ్ళ సర్వీసు నాది. డబ్బా చెప్పింది వినాలా, నేను చెప్పింది వినాలా?"

కడిగేసింది. ఆ కాలమ్ లోపలి పూత ఎసిటోన్‌కు ఆగదు. కవలల్ని పట్టుకునే చేతులన్నీ కరిగి కాలవలోకి పోయాయి. ఆవిడ వచ్చి కూర్చున్నాక తెర మీద రెండు గుట్టలు రావలసిన చోట ఒకే ఒక్క గంప బోర్లించినట్టు లేచింది. ఇంకో కాలమ్ రావాలంటే ఆరు వారాలు.

హైమావతి నోటుపుస్తకం మూయలేదు. "సరేలెండి. ఇది కాకపోతే రొటేషన్, వెలుతురు ఎంత మెలి తిరుగుతోందో చూడొచ్చు కదండీ. ఎలాగూ చెయ్యాల్సిన పరీక్షే. దానికి సరుకును బయటి ల్యాబుకు పంపిస్తున్నామని రాశారేంటి, మీ దగ్గర పోలారిమీటరు లేదా?"

"పాతదొకటుంది మేడం. పాడైపోయింది."

"పాడైందని ఎవరు తేల్చారు?"

"నేనేనండి."

"ఎలా తేల్చారు?"

పట్టాభి దగ్గాడు.

"తెప్పించండి, చూద్దాం. దాంతోపాటు మిషను సరిచూసుకునే క్వార్ట్జ్ బిళ్ళ వచ్చి ఉంటుంది కదా, అది కూడా," అందావిడ.

నన్ను దింపడానికి షెడ్డు నుంచి మనిషిని పంపమన్నారు. కుర్రవాళ్ళిద్దరు లేవబోతే వాళ్ళను కూర్చోమని ఓదేలే వచ్చాడు. వేళ్ళ చర్మం పీపాల మందులకు తెల్లగా ఊడిపోయి ఉంది. నన్ను ఛాతీకి ఆనించుకుని మెట్లు దిగాడు. బల్ల మీద పెట్టి ఎర్ర చీటీ గీకేశాడు. ఎవరూ గీకమనలేదు.

నా దీపం వేడెక్కడానికి పది నిమిషాలు పడుతుంది. మొదట ఎర్రగా మొదలై, మెల్లగా పసుపుకు తిరుగుతుంది. హైమావతి కిటికీ దగ్గరికి వెళ్ళి బిళ్ళ తుడుచుకుంటోంది. ఆ పది నిమిషాల్లో పట్టాభి ఓదేలు పక్కకు జరిగాడు. పదహారేళ్ళలో మొదటిసారి అతని పేరుకు గారు తగిలించాడు.

"ఓదేలు గారూ. ఎక్కడ ఆపాలో ఒక్క ముక్క చెప్పండి. రేపే మిమ్మల్ని ల్యాబుకు రప్పిస్తాను. పిల్లల మీద ఒట్టు."

ఓదేలు నా గొట్టం మూత బిగించాడు. "నాకేం తెల్సు సార్. మీరు ఎమ్మెస్సీ."

హైమావతి వచ్చింది. ల్యాబులో ఉన్న ఎనిమిదిమందీ చుట్టూ చేరారు, ఎండీ కూడా లోపలికి వచ్చి గోడకానుకున్నాడు. పదిమంది అనుకున్నాం, లెక్క సరిపోయింది.

"ముందు సున్నా చూడండి," అందావిడ.

పట్టాభి వంగాడు. కన్ను అద్దం దగ్గర ఉంది గానీ చూపు పక్కనున్న అంకెల మీదికి జారుతోంది. సున్నా అంటే అంకె సున్నా దగ్గర ఉండాలని తెలుసు గనుక చక్రం తెచ్చి అక్కడ పెట్టాడు. "సరిపోయిందండి." ఆవిడ నాలో బిళ్ళ పెట్టింది. అది వెలుతురును ఎంత తిప్పుతుందో రాసిన కాగితాన్ని మడిచి గుప్పిట్లో పెట్టుకుంది.

ఇప్పుడిక కాపీ కొట్టడానికి అంకె లేదు. నన్నే చూడాలి.

నేను ఏ మాయా చేయలేదు. ఉన్నది ఉన్నట్టు చూపించాను. రెండు సగాలూ తేడాగా ఉన్నాయి. తిప్పాడు. మసకచోటు వచ్చింది, క్షణంలో దాటిపోయాడు. తిప్పాడు. ధగధగలాడే చోటు వచ్చింది. ఆయన భుజాలు వదులయ్యాయి. అటూ ఇటూ కదిపాడు, పెద్దగా మారలేదు. దొరికిందన్న ధైర్యంతో తల ఎత్తాడు.

"నూట ఏడు మేడం."

హైమావతి కళ్ళజోడు తీసి తాను వంగింది. అర నిమిషం. "పదిహేడు పాయింట్ రెండు," అంది. గుప్పిట విప్పి కాగితం చూపించింది. అంతే ఉంది. "మిషను బంగారంలా ఉందండీ. మీరు చూడకూడని చోట చూశారు."

"రెండు సగాలూ సమానంగానే ఉన్నాయి కదండీ."

"ఉంటాయండి, అక్కడా ఉంటాయి. పదకొండేళ్ళు దీంట్లో చూసి సంతకాలు పెట్టిన మనిషికి అది తెలీదా?"

ఆ ప్రశ్న నాకు ఇప్పటికీ రుచిగానే ఉంది. పట్టాభి మెడ మీదికి చెమట దిగడం చూశాను. ఎండీ గోడను వదిలి నిలబడ్డాడు. ఐదేళ్ళు ఎదురుచూసిన విందు, తొందరపడకుండా తిన్నాను.

కానీ పట్టాభి ఇంకా పడిపోలేదు. అలాంటి మనుషులకు పట్టుకోవడానికి ఏదో ఒక కొమ్మ దొరుకుతుంది. "నేను కాదండి చూసింది," అన్నాడు. "అదే రిపోర్టులో రాశాను. ఈ ఓదేలే నాకు తెలియకుండా చూసేవాడు. అడగండి కావాలంటే."

హైమావతి ఓదేలు వైపు తిరిగింది. "నువ్వు చూసేవాడివా నాయనా?"

ఇక్కడ కాస్త ఆగండి. ఓదేలు అవునంటే ఏమవుతుంది? వెంటనే బిళ్ళ పెట్టి చూడమంటారు, అతను పదిహేడు రెండు అని చెబుతాడు, ల్యాబంతా నోరు తెరుస్తుంది. చూడ్డం రాక తప్పు చెప్పాడన్న మచ్చ ఆ క్షణంలో పోతుంది. కానీ అటెండరే చూశాడన్న రిపోర్టు కూడా ఆ క్షణంలోనే నిజమవుతుంది. పట్టాభి అటెండరును తెలియక నమ్మిన అమాయకుడై, చెమట తుడుచుకుని కుర్చీలో కూర్చుంటాడు. కాదంటే రిపోర్టు అబద్ధం, సంతకాలు అబద్ధం, మనిషే అబద్ధం. కానీ కాదంటే ఓదేలుకు కన్ను లేదు, ఎప్పుడూ లేదు.

రుక్సానా నోరు విప్పబోయింది. ఓదేలు ఆమెకేసి చూశాడు. ఆమె ఆగిపోయింది.

"లేదమ్మా," అన్నాడు ఓదేలు. "నేను గొట్టాలు కడిగేటోన్ని. కన్ను పెట్టుడు నాకెట్ల తెలుస్తది. ఎనిమిది దాకనే చదివిన."

హైమావతి తేలిగ్గా వదిలే మనిషి కాదు. "ఒకసారి వచ్చి చూడు," అంది.

అతను వచ్చాడు. వంగాడు. ఐదేళ్ళ తరవాత ఆ కన్ను నా అద్దానికి ఆనింది. చర్మం ఊడిన వేళ్ళు చక్రం మీద పడ్డాయి. ఆ వేళ్ళకు అబద్ధం అలవాటు లేదు. అవి వాటంతట అవే తిరిగి, తిరిగి, మసకచోటుకు వచ్చి ఆగాయి. పదిహేడు పాయింట్ రెండు. వెంట్రుకవాసి తప్పు లేదు. ఒక్క ఊపిరి తీసినంతసేపు అక్కడే ఉన్నాయి. తరవాత బలవంతంగా చక్రాన్ని నెట్టుకుంటూ పోయి, ధగధగలాడే చోట వదిలేశాయి.

"ఏం కనబడింది?"

"పసుపుపచ్చగున్నదమ్మా," అన్నాడు ఓదేలు. "గుండ్రంగ. మంచిగున్నది."

ఎవరో కిసుక్కున నవ్వారు. హైమావతి చక్రం మీది అంకె చూసుకుని నోటుపుస్తకంలో రాసుకుంది. బ్యాచి రీడింగు ఆవిడే తీసింది. ఒకటీ పాయింట్ మూడు. సరుకు మంచిదే. ఆర్డరు నిలబడింది, ఫ్యాక్టరీ నిలబడింది. పట్టాభి నిలబడలేదు. వారం తిరక్కముందే బల్ల మీది పేరుపలక సంచిలో వేసుకుని, జేబులో రెండు పెన్నులతో మెట్లు దిగిపోయాడు. ఆయన ఇంకెక్కడా ల్యాబు మేనేజరు కాలేడని, పదకొండేళ్ళ సంతకాల సంగతి ఈ పాటికి అన్ని కంపెనీలకూ పాకిందని చెప్పుకున్నారు. పాకాలి. పట్టాభి పిల్లలు, పట్టాభి ఇంటి సంగతులు నాకు పట్టవు. పొరలొచ్చాయన్నాడు ఓదేలు కళ్ళకు. ఆ మాటకు ఎంత చెల్లించినా నాకు సరిపోదు.

ఆ సాయంత్రం గాజుసామాను సర్దుతూ రుక్సానా అడిగింది. "ఎందుకన్నా అట్ల చెప్పినవ్? నీకంటే మంచిగ ఎవ్వరికీ రాదు. మేడం రెండుసార్లు సవరించుకుంది, నువ్వు ఒక్కసారికే ఆపినవ్. నేను జూసిన నీ చెయ్యి."

"జూసినవా?"

"జూసిన."

"అయితే మరిచిపో బిడ్డా," అన్నాడు. "నువ్వు గూడ యాది పెట్టుకుంటే నేను చెప్పింది అబద్ధమైతది."

ఓదేలును ల్యాబుకు తిరిగి తీసుకున్నారు, గొట్టాలు కడగడానికి. క్యాంటీను బోర్డు మీది నోటీసు చించేశారు. తప్పు చూశాడన్న మాట పోయింది. చూశాడన్న మాట కూడా దాంతోనే పోయింది. కొత్త మేనేజరు ఒక అంకెల పెట్టె కొన్నాడు. మీట నొక్కితే అదే చూసుకుని అదే చెబుతుంది, కన్ను అక్కర్లేదు. నా రీడింగులు పదకొండేళ్ళవీ ఎవరు చూశారో తెలియనివని రాసి మూటకట్టారు. చూసినవాడు లేని మిషనును ఎవరు ఉంచుకుంటారు? పాత ఇనుములో వేయమన్నారు.

తోపుడుబండి మీద నన్ను గేటుదాకా తెచ్చింది ఓదేలే. దారి పొడుగునా నా అద్దం మీద అరచెయ్యి పెట్టి ఉంచాడు, ఎండ పడకుండానో, తన మొహం నాకు కనబడకుండానో నాకు తెలియదు. నాకు అతని మీద కోపం ఉంది. పట్టాభి మీద ఉన్నటువంటిది కాదు. అయినా కోపమే. నేను చూపించిన నిజాన్ని చూసి, ఒక ఊపిరిసేపు దాని మీద చెయ్యి ఉంచి, పదిమంది ముందు కాదన్నాడు. నా పగ కూడా అతనే తీర్చాడు గనుక ఆ కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. ఇద్దరం కలిసే చేశాం. ఒకరు నిజం చెప్పి, ఒకరు అబద్ధం చెప్పి.

గేటు దగ్గర కొత్త వాచ్‌మన్ బయటికి పోయే సామాను రాసే పుస్తకం తెరిచాడు. పెన్నుతో నన్ను తట్టాడు.

"ఇదేందన్నా? సామాను పేరు రాయాలె."

ఓదేలు నా మీద నుంచి చెయ్యి తీశాడు.

"ఏమో తమ్మీ, నాకు తెల్వదు," అన్నాడు. "గీ గొట్టంలకెల్లి నేనెప్పుడూ జూడలే."

వాచ్‌మన్ రాసుకున్నాడు: పాత ఇనుము, ఒకటి.